మాతృహృదయమను నెపము

గడచిన మార్చినెలలో బెజవాడలో నొక సభకు బోయితిని. పోవలెనని పోలేదు, మిత్రుడొకడు బండి తెచ్చి యింటిముందు నిలిపి, హారను మ్రోగించి, నేను చొక్కా గుండీలు పెట్టుకొనుటకు గూడ వ్యవధి యీయక లాగికొనిపోయినందున బోయితిని. మహిళాదినోత్సవ సందర్భమున జరిగిన ఆ సభలో, రక్షణశాఖతో నేదో సంబంధము గలిగి విశ్రాంతి గైకొన్న పెద్దమనిషి యొకడు, ఐక్యరాజ్యసమితి శాంతిపరిరక్షక దళములలో భారతస్త్రీలు గడించిన కీర్తిని గూర్చి ముప్పావుగంట యుపన్యసించి, కడపట కన్నులు అరమోడ్చి, రెండు చేతులును జోడించి, “స్త్రీ మాతృమూర్తి, మాతృహృదయము హింసను సహింపదు, కనుకనే శాంతిని కాపాడుటకు పురుషునికంటె నామెయే తగినది” అని సెలవిచ్చినాడు. సభ యావత్తును చప్పట్లు కొట్టినది. చేతుల యలవాటు చెడ్డది గనుక, నా చేతులును కొట్టినవి.

లోపలి యుక్కకును, ఆ యుపన్యాసపు తీపికిని తాళలేక నడుమ బయటికి వచ్చితిని. ఆవరణద్వారము కడ ఖాకీ దుస్తులలో నొక అమ్మాయి నిలిచియున్నది. సభకు మంత్రిగారొకరు విచ్చేయుచున్నందున మధ్యాహ్నము రెండుగంటలనుండి బందోబస్తు. అప్పటికి సాయంకాలము ఆరున్నర. ఆమె నడుమునకున్న తోలుబెల్టు మగవాని కొలతకు కోసినది. ఉన్న రంధ్రములు చాలక మేకుతో పొడిచికొన్న రంధ్రమొకటి యీవలగా నుండ, మిగిలిన తోలు మరల అరచుట్టు తిరిగి వెనుకకు ముడిచియున్నది. నా చేతిలోని నీళ్లసీసా చూపి, “ఏమ్మా, మధ్యాహ్నం నుంచీ నిలబడే ఉన్నావు, కాసిన్ని నీళ్లు తాగు” అంటిని. ఆమె సీసావంక చూచి చూపు త్రిప్పుకొన్నది. “వద్దు బాబాయ్ గారూ. తాగితే మళ్లీ ఎక్కడికెళ్లాలి? ఇక్కడ ఆడవాళ్లకి ఏమీ లేదు. బందోబస్తు పడిందంటే పొద్దున్నించే నీళ్లు మానేస్తాం” అన్నది, ఫిర్యాదు చేసినట్లు గాక, రేపు ఆదివారమని చెప్పినట్లుగా.

అప్పుడే లోపలినుండి చప్పట్లు మరల వినవచ్చినవి. లోపల మాతృమూర్తికి మంగళహారతి. బయట ఆ మాతృమూర్తికి మరుగుదొడ్డి లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పట్టనందున ఇది వ్రాయుచున్నాను. కావున నా వాక్యములలో మర్యాద కొంత తక్కువైనచో, అది నిద్రలేమి దోషమని పాఠకులు మన్నింతురుగాక.

ఈ మాతృహృదయవాదము కొత్తదని యెవ్వరును భ్రమపడరాదు. నా చిన్ననాట ఇదే బండి వేరొక యూరికి పోయెడిది. స్త్రీ మాతృమూర్తి, ప్రాణము పోయునదే కాని తీయునది కాదు, కనుక ఆమె తుపాకి ముట్టరాదు అని ఆనాటి పెద్దలు చెప్పిరి. స్త్రీ మాతృమూర్తి, కనుక నీలిటోపీ పెట్టుకొని తుపాకి పట్టి కాంగోకును సూడానునకును పోవలెనని యీనాటి పెద్దలు చెప్పుచున్నారు. ఒక హేతువు సాధ్యమున్నచోటను, అది లేనిచోటను సమానముగా కాపురముండునేని, దానిని మన తార్కికులు సవ్యభిచారమని పేరుపెట్టి పక్కకు నెట్టినారు. మన వక్తలు దానికి శాలువా కప్పి వేదికపై కూర్చుండబెట్టినారు. వాదము మారినదని సంతసించువారికి నేను చెప్పునది యొక్కటే: వాదము మారలేదు, అవసరము మారినది. ఆనాడు ఆమె యింట నుండుట అవసరము, కనుక తల్లి యయ్యెను. ఈనాడు ఆమె ఫొటోలో నుండుట అవసరము, కనుక మరల తల్లియే యయ్యెను. ఆమె సిపాయి యెప్పుడగునో యెవ్వరును చెప్పరు.

ఆ తల్లిగుండెయే శాంతికి మూలమైనచో, శాంతిపరిరక్షకులకు ఆ సంగతి తెలియుటకు అంత కాలమేల పట్టినది? ఐక్యరాజ్యసమితి శాంతిపరిరక్షణము 1948లో మొదలైనది. 1957 మొదలు 1989 వరకు, అనగా ముప్పదిరెండేండ్లలో, ఆ దళములలో యూనిఫారము ధరించి పనిచేసిన స్త్రీలు లోకమంతటికిని కలిపి ఇరువదిమంది. ఇది ఆ సంస్థ చెప్పుకొన్న లెక్కయే. 1993 నాటికి నూటికొక్కరు. ఒక స్త్రీ మొత్తము దళమునకు అధిపతియగుట 2014లో. నార్వే దేశపు క్రిస్టిన్ లుండ్ సైప్రసులో ఆ పదవి నందినప్పటికి శాంతిపరిరక్షణమునకు అరువదియారేండ్లు నిండినవి. ఈ అరువదియారేండ్లును లోకమున తల్లులు లేరా? ఉన్నవారికి హృదయములు లేవా? 2000 అక్టోబరు 31న భద్రతామండలి 1325వ తీర్మానమును చేసి, శాంతికి సంబంధించిన నిర్ణయములలో స్త్రీలకు పాలుండవలెనని పలికినది. పాలు అనగా వాటా. మన వక్తల చెవికి అది తల్లిపాలుగా వినబడినట్లున్నది.

ఇక ప్రతి సభలోను ఉదాహరింపబడు లైబీరియా కథకు వత్తును. కథ నిజమైనదే, గర్వింపదగినదే. చెప్పుటలోనే యున్నది చిక్కు. 2007 జనవరిలో మన సెంట్రల్ రిజర్వు పోలీసుదళమునుండి నూరుమందికి పైగా స్త్రీలు మన్రోవియా నగరమున దిగిరి. శాంతిపరిరక్షణ చరిత్రలో పూర్తిగా స్త్రీలే సాయుధులుగానున్న పోలీసుదళము అదియే మొదటిది. పదునాలుగేండ్ల యంతర్యుద్ధముచేత చివికిపోయిన ఆ నగరమున వారు అధ్యక్షురాలి కార్యాలయమునకు కాపలా కాచిరి. చీకటివీథులలో గస్తీ తిరిగిరి. జనము తిరుగబడినచోట డాలులు పట్టి నిలిచిరి. ఆ దళముతో వంటకును బండ్లకును సహాయులుగా కొందరు మగవారు పోయిరి. ఈ యొక్క సంగతిని ఏ వక్త నోటను విననందుకు నాకు మిక్కిలి చింతగానున్నది, ఏలయన ఆ సభలన్నిటిలోను నవ్వదగిన ఘట్టము అదియొక్కటియే. ఏడాది కొక బృందము మారుచు, తొమ్మిదేండ్లు సాగి 2016లో ఆ పని ముగిసినది. ఆ కాలములో లైబీరియా భద్రతాసంస్థలలో స్త్రీల పాలు నూటికి ఆరునుండి పదునేడుకు పెరిగినదని ఐక్యరాజ్యసమితియే చాటినది.

ఇంత జరుగగా మన పత్రికలలో నేను చదివినదేమి? వారు అక్కడి బాలికలకు నృత్యము నేర్పిరట. అనాథశిశువుల నక్కున జేర్చుకొనిరట. నేర్పినారు, చేర్చుకొన్నారు, మంచిదే. ఐనను అర్ధరాత్రి మన్రోవియా వీథిలో తుపాకితో తిరిగిన మనిషిని గూర్చి వ్రాయవలసివచ్చినప్పుడు, ఆమె పగలు పిల్లలకు నేర్పిన ఆటపాటలను మాత్రమే వ్రాసిన కలము ఎట్టిది? మగదళమువారు గూడ బడులకు సున్నము వేసిరి, బావులు త్రవ్విరి, రోగులకు మందులిచ్చిరి. వారిని గూర్చి “పితృహృదయము పొంగిపొరలినది” అని యెవ్వరైనను వ్రాసినారా? మగవాడు చేసినది సేవ. ఆడది చేసినది స్వభావము. సేవకు జీతమును, పతకమును, పదోన్నతియును ఈయవలసియుండును. స్వభావమునకు ఏమియు నీయనక్కరలేదు, చెట్టుకు కాయ కాచినందులకు జీతమెవ్వరిత్తురు? ఈ లాభమున్నందుననే మన పెద్దలకు ఆ మాటపై అంత మక్కువ.

లైబీరియా ప్రస్తావన వచ్చినది గనుక ఇంకొకమాట. ఆ దేశమునకు శాంతి ఎట్లు వచ్చినదో మన వక్తకు తెలిసియుండినచో ఆ జోడించిన చేతులు విడివడియుండెడివి. 2003లో లేమా బోవీ యను నామె తెల్లబట్టలు కట్టిన వేలకొలది స్త్రీలను ప్రోగుచేసి మన్రోవియా చేపలబజారు కడ ఎండనక వాననక కూర్చుండబెట్టినది. ఘనాదేశపు అక్రా నగరమున సంధిచర్చలు వారములతరబడి నీరసముగా సాగుచుండ, ఈ స్త్రీలు పోయి, సమావేశశాల ద్వారమునకు అడ్డముగా చేయిచేయి పెనవైచి కూర్చుండి, ఒప్పందము కుదురువరకు లోపలి మగవారిని కదలనీయమనిరి. కాపలావారు బోవీని పట్టుకొనబోగా, తన బట్టలు తానే విప్పివేయుదునని బెదరించినది. ఆ దేశాచారమున అట్టిది చూచుట పురుషునకు శాపము. అది మాతృహృదయపు మార్దవమా? కాదు, ఉగ్రము, ఒడలు మండిన మనిషి తనకున్న కడపటి యాయుధమును దూయుట. ఆమెకు 2011లో నోబెల్ శాంతిపురస్కార మిచ్చిరి. అదే లైబీరియా యుద్ధమున ఇరువైపులను తుపాకి పట్టి నిర్దయగా పోరాడిన స్త్రీలును, బాలికలును పెక్కురు. స్త్రీ స్వభావముచేత శాంతయని చెప్పువాడు వీరిని ఏ గంపక్రింద కప్పిపెట్టునో నాకు తెలియదు.

మాతృహృదయవాదమున కింకొక మెలిక యున్నది; అది నాకు అన్నిటికంటె రోత. శాంతిని కాపాడబోయిన దళములవెంట వ్యభిచారమును, బాలికల చెరుపును బయలుదేరినవని గ్రాసా మచెల్ 1996లో ఐక్యరాజ్యసమితికి సమర్పించిన నివేదికలో వ్రాసినది; పరిశీలించిన పండ్రెండు దేశములలో ఆరింట దళములు దిగుటతో బాలవేశ్యావృత్తి హెచ్చినదని చెప్పినది. తరువాత కాంగోనుండియు, హైతీనుండియు అట్టి వార్తలే వచ్చినవి. దీనికి చికిత్స యేమి? తప్పు చేసినవానిని సంకెలవేసి స్వదేశమునకు పంపి శిక్షింపవలెనని మూఢుడైనను చెప్పును. మన విజ్ఞులు కనుగొన్న చికిత్స వేరు: దళములో స్త్రీలనుంచినచో మగవారు బుద్ధిగలిగి ప్రవర్తింతురట! అనగా ఆమె శత్రువునకు కాపలా కాయుటయే గాక, పక్క గుడారములోని స్వపక్షపు సిపాయి నీతికిని కాపలా కాయవలెను. బళ్లో అల్లరి పిల్లవాని పక్కన ఆడపిల్లను కూర్చుండబెట్టి వాని నణచు పంతులుపద్ధతి ఇది. వాని యల్లరి మానదు. ఆ పిల్ల చదువు సాగదు. పైగా రేపు వాడు తప్పుచేసినప్పుడు, “నీవుండి ఏమి చేసితివి?” అని ఆమెనే అడుగుదురు.

ఇక్కడ నొకింత పక్కదారి పట్టుదును. మన భాషలోనే యీ వ్యాధికి వేరున్నది. చిన్నయసూరి బాలవ్యాకరణమున పురుషులను మహత్తులని ఒకవైపు నుంచి, స్త్రీలను, పశుపక్ష్యాదులను, జడపదార్థములను గీతకావల నుంచినాడు. అది ఆయన దోషము కాదు. భాష యెట్లున్నదో అట్లే చెప్పినాడు. రాముడు వచ్చినాడు, సీత వచ్చినది, గంప వచ్చినది. ఏకవచనమున స్త్రీకి గంపతో పొత్తు. కాని బహువచనము చూడుడు: పురుషులు వచ్చిరి, స్త్రీలు వచ్చిరి, గంపలు మాత్రము వచ్చినవి. ఒక్కతెగా నున్నప్పుడు గంపవలె నున్న స్త్రీ, పదుగురు కూడగానే మనిషియైనది! తెలుగువ్యాకరణము తెలియని లోకమంతయు ఈ సూత్రమునే పాటించుచున్నది. ఎనిమిదివందలమంది మగవారి పటాలములో నొక్క స్త్రీని వేసి, ఆమెను ముందు నిలిపి ఫొటో తీసి, “మా దళమున స్త్రీ యున్నది” అందురు. ఆమె అక్కడ గంపయే. మన్రోవియాలో నూరుమంది దిగినప్పుడు గాని “వారు వచ్చిరి” అను మాట పుట్టలేదు.

వ్యాకరణపు చిక్కు న్యాయస్థానము వరకును పోయినది. మన ప్రాదేశిక సేన, జనులు టెరిటోరియల్ ఆర్మీ యనునది, ఉద్యోగము చేసికొనుచునే ఏటికి కొన్నాళ్లు శిక్షణపొంది అవసరమైనప్పుడు పిలుపునందుకొను పౌరుల సేన. దాని చట్టము 1948 నాటిది. రాజాజీ గవర్నర్ జనరలుగా 1949 అక్టోబరులో దానిని ప్రారంభించినాడు. భారతపౌరుడైన యే వ్యక్తియైనను చేరుటకు ముందుకు రావచ్చునని చట్టము చెప్పుచున్నది. “వ్యక్తి” యనగా స్త్రీ కూడనా యని సందేహము వచ్చినది! ప్రకటనలు మగవారికే వెలువడెడివి. కడకు 2018 జనవరిలో ఢిల్లీ హైకోర్టు, వ్యక్తి యనగా స్త్రీయును వ్యక్తియేనని తీర్పు చెప్పవలసివచ్చినది. చట్టము పుట్టిన డెబ్బదియేండ్లకు స్త్రీ వ్యక్తియైనది. ఈ నడుమ అదే సేనలో 2008లో కపిల్‌దేవ్‌నకు, 2009లో నటుడు మోహన్‌లాల్‌నకు, 2011లో ధోనీకి గౌరవ లెఫ్టినెంట్ కర్నల్ హోదాలిచ్చిరి. వారి యోగ్యతను నేను శంకింపను. బంతికొట్టిన చేతికి, వేషము కట్టిన మొగమునకు సగౌరవముగా తెరచుకొన్న తలుపు, వాడుకభాషలో “మనిషి” యను మాటకు అర్థము నిర్ణయించుటకు న్యాయమూర్తులు కూర్చుండువరకు స్త్రీకి తెరచుకొనలేదని మాత్రము గుర్తుచేయుచున్నాను.

నాకు మిక్కిలి కోపము తెప్పించిన సంగతి ఇంకను చెప్పలేదు. సైన్యమున స్త్రీలకు శాశ్వతనియామకమును, దళాధిపత్యమును ఈయవచ్చునా యను వ్యాజ్యము సుప్రీంకోర్టులో నడచినప్పుడు, ప్రభుత్వము చెప్పుకొన్న కారణములలో నొకటి యిది: సిపాయిలు ఎక్కువగా పల్లెటూళ్లనుండి వచ్చినవారు, స్త్రీ ఆజ్ఞను శిరసావహించుటకు వారి మనస్సు ఇంకను పక్వము కాలేదు. 2020 ఫిబ్రవరి 17న న్యాయస్థానము ఆ మాటను త్రోసిపుచ్చినది. త్రోసిపుచ్చినది గాని, పల్లెటూరివాడనైన నాకు ఆ మాట చేసిన గాయము మానలేదు. ఢిల్లీలో చల్లని గదులలో కూర్చున్నవారి సంకోచమునకు పల్లెటూరివాని నెత్తి దొరికినది! మా యూర నాట్లకాలమున నలువదిమంది కూలీల ముఠాకు మేస్త్రిగా నిలిచి, మడిగట్టునుండి కేకవేసి, రైతుతో బేరమాడి, సాయంకాలము కూలి పంచిన యొక ముసలామె నా కన్నులకు కట్టినట్లున్నది. ఆమె గొంతు వినబడగానే గట్టుమీద బీడీ కాల్చు మగవాడు దానిని మడిలో పారవైచి మోకు చేతబట్టెడివాడు. నెల్లూరుజిల్లా దూబగుంటలో 1992 ప్రాంతమున సారాదుకాణము మూయించినది ఎవరు? పట్టణపు విదుషీమణులా? చీపుళ్లును కారపుపొట్లములును పట్టిన పల్లెటూరి యాడవారు. వారికి దారి యిచ్చినది పల్లెటూరి మగవారే. 1993లో ప్రభుత్వమునకును సారాయిని నిషేధింపక తప్పినది కాదు. ఇంకను వెనుకకు పోయినచో, నల్లగొండ సీమలోని చందుపట్ల శాసనము 1289లో రుద్రమదేవి మరణమును, ఆమె సేనాని మల్లికార్జుననాయకుని మరణమును ఒక్కచోటనే చెప్పుచున్నది. ఆమె వెనుక నడచిన కాల్బలము కాకతీయ విద్యాపీఠములలో స్త్రీసమత్వము చదివివచ్చినదా? అదియును పల్లెటూరి జనమే.

నిజమేమనగా, మనకు స్త్రీ యొక రిజర్వు. ఆ యాంగ్లపదమును తెలుగు చేయుమన్నచో నిఘంటువు వెదకనక్కరలేదు; మన యింటి అటక చాలును. పెండ్లియో పబ్బమో వచ్చినప్పుడు అటకమీది గుండిగలు దిగును, తోమబడును, మెరయును, నలుగురిలో పొగడబడును. పని తీరినమీదట మరల అటకయెక్కును. రెండవ ప్రపంచయుద్ధమున మనుషులు చాలక 1942లో స్త్రీల సహాయకదళమును లేవదీసిరి. యుద్ధము ముగిసినది, గుండిగలు అటకెక్కినవి. వైద్యులును నర్సులును దక్క స్త్రీలు మరల భారతసైన్యమున అధికారులుగా అడుగుపెట్టుట 1992లో. తెలంగాణ సాయుధపోరాటమున మల్లు స్వరాజ్యము వంటివారు తుపాకిపట్టి దళములు నడపిరి. ఇంకెందరో అడవులలో కబురులు మోసిరి, పసిబిడ్డలను పరులచేతిలో పెట్టి పోరాడిరి. పోరాటము విరమింపబడినంతనే వారిని ఇండ్లకు పొమ్మనిరి. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన “మనకు తెలియని మన చరిత్ర”లో ఆ స్త్రీలు తమ నోట తాము చెప్పుకొన్న మాటలున్నవి. చదివినవాడు విప్లవవాదియైనను, సంప్రదాయవాదియైనను, తన యింటి అటకవైపు ఒకమారు చూచుకొనక మానడు.

రిజర్వు అను పేరే ధరించిన మన పోలీసుదళము 1939లో నీమచ్‌లో రాజప్రతినిధి పోలీసుగా పుట్టి, స్వాతంత్ర్యానంతరము 1949లో ఈనాటి పేరు పొందినది. 1986లో అందు మొదటి మహిళాపటాలము, 88వది, లేచినది. ఆ పటాలమునకు చెందిన కానిస్టేబుల్ కమలేష్ కుమారి 2001 డిసెంబరు 13న పార్లమెంటు ద్వారమొకదానికడ కాపలా నున్నది. ముష్కరుల కారు తనవైపు వచ్చుట కనిపెట్టి, కేకవేసి, తన ద్వారము మూయుటకు వెనుకకు పరుగిడి, గుండ్లు తగిలి అక్కడనే ఒరిగినది. ఆమె చేత వైర్లెస్ సెట్టే గాని తుపాకి లేదు. దేశము ఆమెకు మరణానంతరము అశోకచక్ర మిచ్చినది. ఆమెను గూర్చి మన వక్తలు మొదట చెప్పు మాట, ఆమె యిద్దరు ఆడపిల్లల తల్లి యని. నేను మొదట అడుగు మాట వేరు: ఆ ద్వారమున ఆమె చేతికి తుపాకి యేల యీయలేదు? తల్లియని పొగడుటకు ఖర్చు లేదు. తుపాకికి ఖర్చున్నది, తుపాకి యిచ్చినచో నమ్మకమును ఈయవలసివచ్చును.

మిగిలిన యాక్షేపణలు పెక్కుండవచ్చును, వాని నన్నిటిని మోయుటకు నాకు ఓపిక లేదు. బలము చాలదందురు, పరీక్ష పెట్టుడు, నెగ్గినవారిని తీసికొనుడు, నెగ్గని మగవారిని గూడ ఇంటికి పంపుడు. శత్రువుచేత చిక్కినచో అవమానమందురు. అవమానము చేసినవానిదా, పడినవారిదా? శిబిరములలో వసతి లేదందురు. ఇల్లు కట్టని వడ్రంగి, ఇల్లు లేదు గనుక కాపురమునకు రావద్దనినట్లున్నది. ఇక పొమ్మందును.

మరి నీవేమి చేయుమందువు అని నన్నడుగుదురు. నేను సేనానిని గాను, గుమాస్తాను గూడ గాను. ఐనను పెద్దలు నవ్వకుండ వినునెడల కొన్ని చెప్పుదును. 2028 నాటికి శాంతిపరిరక్షక సైనికదళములలో నూటికి పదునైదుగురు స్త్రీలుండవలెనని ఐక్యరాజ్యసమితి గీత గీచికొన్నది. గీత యొద్దనను, కాని ఆ పదునైదుగురిలో ఆజ్ఞ యిచ్చువారెందరో మొదట చెప్పుడు. దక్షిణసూడానులో మేజర్ సుమన్ గవానీ రెండువందలమందికి పైగా సైనికపరిశీలకులకు, యుద్ధమున స్త్రీలపై జరుగు అత్యాచారములను కనిపెట్టుట యెట్లో శిక్షణ యిచ్చినది; కాంగోలో మేజర్ రాధికా సేన్ ఉత్తరకీవూ పల్లెలలో నొక దళమును నడపినది. వారికి పురస్కారములు వచ్చినవి. ఆ పురస్కారపత్రములలో పనిని చదువుడు, పొగడ్తను విడువుడు. “మహిళా” యను తోకను పేర్లనుండి కోసివేయుడు. బెల్టులు నడుము చూచి కుట్టించుడు. ప్రాదేశిక సేన తలుపును జిల్లాకొకటిగా తెరచి, నాట్ల ముఠామేస్త్రులను, బడిపంతులమ్మలను, బ్యాంకి ఉద్యోగినులను పిలువుడు. ఎంతమందిని, ఏ పద్దుక్రింద, ఏ శిక్షణతో అన్నది తెలిసినవారు తేల్చుకొందురు. తేల్చుకొనుటకే గదా వారికి జీతము.

సభ ముగింపును చెప్పి విరమింతును. మంత్రిగారు వచ్చి, పోయిరి. కడపటి యంశముగా ఎవరికో బుద్ధిపుట్టి, ద్వారము కడనున్న ఆ అమ్మాయిని వేదికపైకి పిలిపించి, “మన మధ్యనే యున్న శాంతిపరిరక్షకురాలు” అని ఎర్రని శాలువా కప్పించిరి. కప్పినవాడు ఆ పెద్దమనిషియే. ఆమె నిటారుగా నిలిచి సెల్యూట్ చేసి, శాలువాతోనే మరల ద్వారము కడకు వచ్చినది. నేను మిత్రుని బండికొరకు అక్కడనే నిలిచియున్నాను. ఆమె రెండువైపులను చూచి, దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి, “బాబాయ్ గారూ, ఎదురింటి వాళ్లని అడిగి ఒక్క ఐదు నిమిషాల్లో వచ్చేస్తాను. ఇది పట్టుకుని కాస్త గేటు చూస్తారా?” అన్నది.

చూచితిని. డెబ్బదియొకటవ యేట, చేత ఎర్రశాలువాతో, ఆయుధము లేకయే, పదునాలుగు నిమిషములు ఆ ద్వారమును కాచితిని. నన్నక్కడ నిలుపుటకుముందు నా హృదయము తండ్రిదా, తాతదా యని ఎవ్వరును విచారింపలేదు. ఆమె తిరిగివచ్చి, నా చేతి నీళ్లసీసా తీసికొని, నిలిచినచోటనే సీసాడు నీళ్లును త్రాగినది.